ధార తెగేదాకా

మా బావ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే మా అక్క "నీళ్ల పని" అని ఊరుకునేది. వినేవాళ్లు ఆయన ఇంటింటికీ తిరిగి కుళాయిలు బిగిస్తాడనుకునేవారు. ఒకావిడైతే తన ఇంట్లో కారుతున్న పంపు చూపించడానికి ఆయన్ని వెంటబెట్టుకుని పోయింది కూడా. ఆయన కాదనకుండా వెళ్లి, పంపు బాగుచేసి, "ఇన్నాళ్లు నీళ్లు కారిపోతుంటే కళ్లు మూసుకుని కూర్చున్నారా?" అని ఆవిణ్ణి తిట్టి వచ్చాడు. చేసిన సాయం కంటే తిట్టిన తిట్టే ఎక్కువకాలం గుర్తుండిపోయే మనిషి ఆయన.

ఆయన పని సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో. ఫోన్లలో, టీవీల్లో ఉండే ఆ పచ్చటి పలకలు అక్కడే తయారవుతాయి. పలకకి రాగి పూత పూస్తారు. అక్కర్లేని చోట ఆ రాగిని మందునీళ్లతో కరిగించేస్తారు. పూసినా కడగాలి, కరిగించినా కడగాలి. ఆ కడుగునీళ్లన్నీ రాగిని మోసుకుంటూ, నీలంగా, ఫ్యాక్టరీ వెనకున్న షెడ్డులోకి వచ్చి పడతాయి. ఆ షెడ్డు మా బావది. కాగితాల మీద ఎవరిదైనా కానివ్వండి, అది ఆయనది.

వచ్చిన నీళ్లలో సున్నం కలుపుతాడు. మందు వేస్తాడు. తిప్పుతాడు. రాగి ముద్దలుముద్దలుగా విరిగి అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్లు ఆఖరి ట్యాంకులోకి వెళ్తాయి, అడుగున మిగిలిన బురదని మరలో పెట్టి నొక్కి దిమ్మలు చేస్తాడు. అందుకే ఫ్యాక్టరీలో ఆయన పేరు బురద మేస్త్రి. ఆఖరి ట్యాంకుకి ఒక వాల్వు, ఆ వాల్వుకి ఒక తాళం, ఆ తాళంచెవి ఆయన మొలతాడుకి. వాల్వు తిప్పితే నీళ్లు ప్రహరీ కింద నుంచి బయట కాలువలో కలుస్తాయి. ఆ కాలువ పక్కనే నా ఆకుకూర మడులు. అందుకే ఈ కథ చెప్పే హక్కు మా అక్కకంటే నాకే ఎక్కువ ఉందని నా ఉద్దేశం.

సున్నంలో నాని నాని ఆయన చేతులు బీటలువారాయి. ఆ షెడ్డు వాసనకి ముక్కు ఏనాడో పనిచేయడం మానేసింది. ఇంట్లో కూర మాడినా ఆయనకు తెలియదు. మా అక్క వంటకు అదొక్కటే అదృష్టం. "బావా, నువ్వు చెయ్యి వేస్తే గోడకి వెల్ల వేయక్కర్లేదు" అని నేను ఏడిపించేదాన్ని. "నువ్వు నోరు తెరిస్తే అసలు గోడే ఉండదు" అనేవాడు ఆయన.

ఆయన మహా మొండివాడు. కొన్నేళ్ల కిందట ల్యాబులో చేరిన ఒక అమ్మాయి ఆయన షెడ్డుకి వచ్చి, "వచ్చిన రాగిని తీయడం కంటే, అసలు రాకుండా చూస్తే మేలు కదా మేస్త్రిగారూ" అంది. ఆయన ఒంటికాలి మీద లేచాడు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తనకి నీళ్ల గురించి నేర్పుతుందా అని ఇంటికొచ్చి కూడా ఎగిరాడు. ఆ పిల్ల భయపడలేదు. ఆయన్ని పూత పూసే హాలు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టింది. లోపల మా అక్క పనిచేస్తోంది. మీట నొక్కితే, పలకలు తగిలించిన చట్రం రాగి తొట్టిలోంచి పైకి లేచి, పక్కనున్న కడుగు తొట్టికి పోతుంది. పోతూ పోతూ ఒళ్లంతా అంటుకున్న రాగినీళ్లని ధారగా మోసుకెళ్తుంది.

"ఆ కారేదంతా ఎక్కడికొస్తుంది?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నా నెత్తి మీదికి" అన్నాడు బావ.

"అదే చట్రాన్ని కాసేపు ఆ తొట్టి మీదే ఆపి, ధార తెగి చుక్కలు పడేదాకా ఆగితే?"

బావ ఈసారి ఎగరలేదట. ఆయన ఎగరలేదంటే ఒప్పుకున్నట్టే. తర్వాత ఆ అమ్మాయే పాత మేనేజరుని ఒప్పించి, కడుగు తొట్లని మూడు వరసగా పెట్టించింది. మంచినీళ్లు చివరి తొట్టిలోకి వస్తాయి, అక్కణ్ణించి వెనక్కి వెనక్కి పారతాయి. పలక ముందు మురికి నీళ్లలో మునుగుతుంది, ఆఖర్న మంచి నీళ్లలో. నీళ్ల వాడకం సగానికి సగం పడిపోయింది. బురద తగ్గింది. షెడ్డులో నీళ్లు నిలబడి, తీరిగ్గా తేరుకునేవి. కాలువలో చిన్నచిన్న చేపలు తిరగడం నా కళ్లతో నేను చూశాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? అప్పట్నుంచి మా బావ పెట్టిన పోరు అంతా ఇంతా కాదు. ఇంట్లో గిన్నెలు కడగాలన్నా మూడు తొట్లు. తొట్టికీ తొట్టికీ మధ్య కంచాన్ని ఏటవాలుగా పట్టుకుని ధార తెగేదాకా నిలబడాలి. "పగలంతా అక్కడ చట్రాలు చూస్తూ నిలబడతాను, ఇంటికొచ్చి కంచాలు పట్టుకుని నిలబడాలా?" అని అక్క విసుక్కునేది. కానీ పూత లైను మీద ఆమె అంత ఓపికగా ఆపేవాళ్లు ఇంకొకరు లేరు. 'ధార తెగేదాకా' అన్న మాట హాలంతా పాకింది. క్యాంటీన్లో టీ ఆలస్యమైతే "ధార తెగలేదా ఇంకా?" అనేవారు. ఎవరైనా ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడితే "ఈవిడ ధార తెగదమ్మా" అని లేచిపోయేవారు. క్యాంటీన్‌కి రోజూ ఆకుకూరలు వేసే నన్నే ఎక్కువగా అనేవారు లెండి.

పాత మేనేజరు పని మానుకున్నాడు. కొత్తాయన వచ్చాడు. ఆయన వెనకే ఒక పెద్ద ఆర్డరు వచ్చింది.

ఈ కొత్తాయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వచ్చిన వారంలోనే హాలులో నిలబడి, "పలక తొట్టిలో ఉంటే పని, గాల్లో వేలాడితే దండగ" అని తేల్చేశాడు. ఆగొద్దు, లాగండి అన్నాడు. ఏ లైను ఎక్కువ పలకలు తీస్తే ఆ లైనులోంచి ఒకరిని సూపర్వైజరు చేస్తానన్నాడు. మా అక్క ఆశపడింది. నేను ఆమెని తప్పు పట్టను. ఏళ్ల తరబడి నిలబడి నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటుంది. సూపర్వైజరుకి ఒక కుర్చీ ఉంటుంది. ఆమె కోరుకున్నది ఆ కుర్చీ ఒక్కటే.

లాగడం మొదలైంది. ధార తెగకుండానే చట్రాలు కడుగు తొట్టిలోకి దిగుతున్నాయి. కడుగునీళ్లు చిక్కటి నీలమైపోతున్నాయి. వాటిని పలచబరచడానికి కుళాయిలు బార్లా తెరిచారు. ఆ నీళ్లన్నీ వరదలా మా బావ షెడ్డు మీద పడ్డాయి. సున్నం ఎంత వేసినా, తేరుకోవడానికి నీళ్లు ఆగితే కదా!

ఆ రోజు సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను.

"మీ లైనులో ఏమవుతోంది?" అన్నాడు బావ, చెప్పులైనా విప్పకుండా.

"పని అవుతోంది" అంది అక్క.

"నా ట్యాంకు నీలంగా గిరగిరా తిరుగుతోంది. బురద దిగట్లేదు. మీ తొందరంతా నా నెత్తి మీద పోస్తున్నారు."

"నాకు చెప్తారేం? పైవాళ్లకి చెప్పండి."

"చెప్పాను. గోడకి చెప్పినట్టే ఉంది. నువ్వు కాసేపు ఆపలేవా?"

"నేను ఆపితే ఇంకొకత్తె లాగుతుంది. ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది. నేను చచ్చేదాకా నిలబడే ఉంటాను. నీ ట్యాంకు కోసం నా మోకాళ్లు అరగదీసుకోవాలా? నువ్వే చెప్పు!"

మామూలప్పుడు మా అక్క ఆయన్ని "మీరు" అంటుంది. "నువ్వు"లోకి దిగిందంటే పక్కనున్నవాళ్లు లేచి ఇంటికి పోవడం మంచిది. నేను లేచి మా ఇంటికి పోయాను.

బావ మళ్లీ మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఈసారి మేనేజరు వెంటనే విన్నాడు. రెండో రోజుకల్లా బోరు నుంచి ఒక కొత్త గొట్టం లాగించి, ఆఖరి ట్యాంకులోకి దించాడు. "బయటికి వదిలేముందు ఈ మంచినీళ్లు కలుపు. పరీక్షలో సరిపోతుంది" అన్నాడు. పరీక్షకి నమూనా కూడా ఆ నీళ్లు కలిశాకే తీయాలని ల్యాబు అమ్మాయికి చెప్పాడు. ఆ పిల్ల మాటకి మాట చెప్పి, ఉద్యోగం వదిలేసి పోయింది.

కూరలో ఉప్పెక్కువైతే చెంబెడు నీళ్లు పోసి వడ్డించే మహాతల్లులు ఉంటారు. నాలుకకి తెలియదు. కడుపులోకి పోయే ఉప్పు మాత్రం పిసరంత తగ్గదు. రాగీ అంతే. నీళ్లు పలచబడ్డాయని నా మడిలో చేరే రాగి తగ్గిపోదు కదా! పైగా అందుకోసం భూమిలో ఉన్న మంచినీళ్లని తోడి తగలబెట్టడం. ఇంత తెలివి దొంగలకి కూడా ఉండదు.

బావ ఆ గొట్టాన్ని ముట్టుకోలేదు. "బయటికి పోయే చుక్కకి జవాబు నాది. కల్తీ చేసి వదలను" అన్నాడు. "నీకు జీతం వచ్చేది ఆ లైను వల్ల, నీ బురద వల్ల కాదు. చేయలేకపోతే చెప్పు, చేసేవాడు దొరుకుతాడు" అన్నాడు మేనేజరు. అది బెదిరింపని మా బావకి అర్థమైంది. ఆ వయసులో, ఆ చేతులతో, ఇంకెక్కడా పని దొరకదని కూడా ఆయనకు తెలుసు. తెలిసి కూడా, మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆఖరి వాల్వు మూసి తాళం వేశాడు. ట్యాంకు నుంచి ట్యాంకుకి నీళ్లు తోడే పంపులు ఆపేశాడు. వాల్వు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"లైను ఆపేదాకా ఒక్క చుక్క వదలను" అన్నాడు. ట్యాంకులు నిండితే నీళ్లు పోవడానికి దారి ఉండదు, లైను దానంతటదే ఆగిపోతుంది. అదీ ఆయన లెక్క.

మేనేజరు వచ్చి అరిచాడు. బావ అంతకు రెట్టింపు అరిచాడు. ఫ్యాక్టరీలో సగంమంది పని మానేసి చూశారట. ఏళ్లుగా మింగిన కోపమంతా కక్కేశాడట. మేనేజరు చివరికి నోరు మూసుకుని, "కూర్చోనీ, ఎంతసేపు కూర్చుంటాడో" అని వెళ్లిపోయాడు. లైను మాత్రం ఆపలేదు. బావ మీసం మీద చెయ్యి వేసుకుని కూర్చునే ఉన్నాడు. గెలిచాననే అనుకున్నాడు.

మధ్యాహ్నం నేను మడులకి నీళ్లు మళ్లించాను. రెండు మడులు తడిశాక, మూడోదానికి గండి కొడుతూ కాలువలోకి చూశాను. నీళ్లు నీలంగా వస్తున్నాయి. అదేదో ఆకాశం నీడ అనుకుని తల ఎత్తి చూశాను, పైన మబ్బు పట్టి ఉంది. ఇంతలో ఒక చిన్న చేప వెల్లకిలా తేలుతూ వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక లెక్కలేనన్ని. నేను పిచ్చిదానిలా మట్టి తోడి గండ్లన్నీ పూడ్చి, పార అక్కడే పడేసి, ఫ్యాక్టరీకి పరిగెత్తాను. గేటు కాపలాదారు నన్ను చూసి ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకున్నాడు.

బావ స్టూలు మీద రాజాలా కూర్చుని ఉన్నాడు.

"బావా! కాలువంతా నీలంగా వస్తోంది. చేపలు చచ్చిపోతున్నాయి!"

"నీకేమైనా మతిపోయిందా? వాల్వు మూసి ఉంది. చూడు, తాళం."

"నీ తాళం కాలిపోనూ! నువ్వు మూసేస్తే నా మడిలోకి ఆకాశం నుంచి ఊడిపడ్డాయా ఆ నీళ్లు?"

ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు.

నీళ్లు మొదట వచ్చిపడే ట్యాంకుకి, ప్రహరీ వైపు, పైఅంచు కింద ఒక గొట్టం ఉంది. ఎప్పుడో పెద్ద వానలో షెడ్డు మునిగి మోటార్లు కాలిపోతే, ఇక అలా కాకూడదని మా బావే పట్టుబట్టి పెట్టించాడు. ట్యాంకు పొంగితే నీళ్లు షెడ్డులోకి రాకుండా ఆ గొట్టంలోంచి వాననీళ్ల కాలువలోకి పోతాయి. అక్కణ్ణించి నేరుగా బయట కాలువలోకి. ఎప్పుడూ ట్యాంకు అంతదాకా నిండలేదు కాబట్టి దాని సంగతి ఎవరికీ గుర్తులేదు. పెట్టించినవాడికీ గుర్తులేదు. వీధి గుమ్మానికి తాళం వేసి కాపలా కూర్చున్నాడు, దొడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది. సున్నం తగలని, మందు తగలని పచ్చి రాగినీళ్లు ఆయన వీపు వెనక నుంచి గలగలా పోతున్నాయి.

అంతకుముందు మా బావ మొహంలో నేను ఎన్నో కోపాలు చూశాను. ఆ మొహం ఎప్పుడూ చూడలేదు.

పంపులు వేసి వాల్వు తిప్పితే పొంగు తగ్గుతుంది. కానీ అప్పుడు మేనేజరు చెప్పినట్టే రాగి సగమే విరిగిన నీళ్లని బోరు నీళ్లతో కలిపి వదలాలి. లేదంటే లైను ఆగాలి. ఆయన లేచి, బురద బూట్లతోనే పూత హాలులోకి నడిచాడు. ఆ హాలులోకి బురద కాలు పెట్టకూడదని ఇన్నేళ్లూ గుమ్మం బయటే నిలబడి భార్యని పిలిచిన మనిషి ఆయన. నేను వెనకే వెళ్లాను.

అక్క మీట దగ్గర ఉంది. చట్రం అప్పుడే రాగి తొట్టిలోంచి లేస్తోంది.

"తప్పు నాదే" అన్నాడు బావ. అరవలేదు. "వెనక గొట్టం మర్చిపోయాను. అంతా కాలువలోకి పోతోంది. లైను ఆపు."

మేనేజరు ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. "అమ్మా, ఆ బటన్ ముట్టుకున్నావంటే కుర్చీ సంగతి మర్చిపో. జీవితాంతం అక్కడే నిలబడతావు."

అక్క ఆయన వైపు చూడలేదు. బావ వైపు కూడా చూడలేదు. మోకాళ్ల దాకా నీలం మట్టి అంటుకున్న నా కాళ్లు చూసింది. ఎర్ర బటన్ నొక్కింది. కుళాయిలన్నీ ఒక్కొక్కటే కుంటుకుంటూ వెళ్లి కట్టేసింది. చట్రం తొట్టి మీద గాల్లో ఆగిపోయింది. దాన్నుంచి కారుతున్న ధార సన్నబడి, తెగి, చుక్కలయింది. హాలులో అందరూ అదే చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు మేనేజరు అందర్నీ పోగుచేసి ఉపన్యాసం ఇచ్చాడు. కాలువలోకి విషపు నీళ్లు వదిలిన మనిషిని క్షమించేది లేదన్నాడు. పర్యావరణం తమకు ప్రాణంతో సమానమన్నాడు. ఆ మాట అన్న నోరు పడిపోలేదు, చూడండి! మా బావని ఉద్యోగంలోంచి తీసేశారు. తాళంచెవి ఇంకొకడి మొలకి ఎక్కింది. వాడు వచ్చిన పూటే బోరు గొట్టం తిప్పాడు. అక్కని తీయలేదు, అలాంటి చెయ్యి మళ్లీ దొరకదు కనక. కుర్చీ మాత్రం ఇంకొకావిడకి ఇచ్చారు. అక్క ఇప్పటికీ నిలబడే ఉంది.

నేను బావని వదిలిపెట్టలేదు. తడిసిన రెండు మడులు మూడు రోజుల్లో పసుపుపచ్చగా వాలిపోతే, ఆయన్ని అక్కడే నిలబెట్టి తిట్టాను. "నీ కోపం నీ కళ్లు కప్పేసింది బావా. వాడితో అరుచుకోవడంలో పడి వెనక్కి తిరిగి చూడలేదు నువ్వు." ఆయన పార తీసుకుని ఆ రెండు మడుల పైమట్టి అంతా చెక్కి గోనెసంచుల్లో నింపాడు. కాలువ నీళ్లు వాడొద్దని, రోజూ వీధి కుళాయి నుంచి బిందెలతో మోసి నా మడులకి పోస్తున్నాడు. ఒక్కరోజు నీళ్లకి ఆయన ఉద్యోగం పోయింది. రోజూ వదిలేవాళ్ల ఉద్యోగాలు భేషుగ్గా ఉన్నాయి. నాకు దీని మీద కోపం తగ్గదు, తగ్గాలని కూడా లేదు.

మొన్న ఆయన బిందెలు దించుతుంటే పక్క మడుల పెద్దాయన కాలువ గట్టున నిలబడి నన్ను పిలిచాడు.

"చూశావా అమ్మాయ్, నీళ్లు అద్దంలా ఉన్నాయి. మీ బావ ఉన్నన్నాళ్లూ ఏం కలిపేవాడో ఏమో. ఈ కొత్తతను మంచివాడు."

బావ పేలిపోతాడని చూశాను. ఆయన పేలలేదు. దాంతో నాకే తిక్కరేగింది. బోరు గొట్టం, లైను, రాగి, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. పెద్దాయన నవ్వాడు. "బావని వెనకేసుకొస్తావులే" అంటూ కాలువలోకి వంగి, దోసిలి నిండా నీళ్లు పట్టి, నాకు చూపించడానికే నోటి దగ్గరికి తీసుకెళ్లాడు.

"తాగొద్దు!" అంటూ మా బావ బిందె వదిలేసి ఒక్క ఉరుకున వెళ్లి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

పెద్దాయన నిదానంగా తలెత్తి చూశాడు. "చేపల్ని చంపినవాడివి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు.

మా బావ చెయ్యి జారిపోయింది. పెద్దాయన మళ్లీ వంగి, దోసిలి నింపుకుని, మా ఇద్దర్నీ చూస్తూ ఆ నీళ్లు తాగాడు.